పోలో జీటీకి కాయిలోవర్లు ఎంచుకోవడం ఎలా: బ్రాండ్ కన్నా ముందు లెక్క

కాయిలోవర్ అంటే షాక్ అబ్జార్బర్, దాని చుట్టూ స్ప్రింగు కలిసిన, ఎత్తు మార్చుకోగల సస్పెన్షన్. ఆ కిట్ కొనబోయేవాళ్లు మొదట అడిగేది బండి ఎంత కిందికి దిగుతుందని. ఆ తర్వాత గట్టిదనం మార్చే నాబ్‌కు ఎన్ని క్లిక్కుల (మెట్ల) అడ్జస్ట్‌మెంట్ ఉందని. మన రోడ్ల మీద బండి ఎలా నడుస్తుందో తేల్చేవి ఈ రెండూ కావు. గుంతలో పడ్డప్పుడు చక్రం పైకి లేవడానికి ఎంత జాగా మిగిలింది, స్ప్రింగు గట్టిదనానికి డాంపర్ (స్ప్రింగు ఊగడాన్ని అదుపు చేసే షాక్ అబ్జార్బర్) సరిపోయిందా అన్నవే తేలుస్తాయి. ఈ రెండింటినీ డబ్బు కట్టకముందే కాగితం మీద లెక్కగట్టవచ్చు.

ఉదాహరణకు ఫోక్స్‌వాగన్ పోలో జీటీ టీఎస్ఐని తీసుకుందాం. 2022లో ఇక్కడ దాని తయారీ ఆగిపోయింది, కానీ ఇష్టంగా దాచుకుని నడిపేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, డాంపర్ ఒకే నిలువు కాడగా ఉండేది), వెనక టార్షన్ బీమ్ (రెండు చక్రాలను కలిపే అడ్డ దూలం). స్విఫ్ట్, ఐ20లకూ ఇదే అమరిక కాబట్టి మీ బండి బరువులు వేసుకుంటే ఇదే లెక్క వాటికీ పనికొస్తుంది. వాడకం ఇలా అనుకుందాం: వారమంతా ఆఫీసుకు, అప్పుడప్పుడూ వారాంతంలో చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కు. ఆ ట్రాక్ 3.7 కి.మీ. అక్కడికి చేరడానికి హైదరాబాద్ నుంచి 600 కి.మీ. పైనే నడపాలి. ట్రాక్ మీద తిరిగే దూరం కన్నా హైవే మీద, కాలనీ స్పీడ్ బ్రేకర్ల మీద తిరిగే దూరం ఎన్నో రెట్లు ఎక్కువ. ఎంపికలో ప్రతి చోటా ఈ సంగతి గుర్తుండాలి.

1. ముందు పాత భాగాలు చూడండి

బండి లిఫ్ట్ మీదికి ఎక్కించి లోయర్ ఆర్మ్ బుష్‌లు (కీళ్లలోని రబ్బరు తొడుగులు), బాల్ జాయింట్లు, లింక్ రాడ్లు, వెనక బీమ్ బుష్‌లు, ముందు టాప్ మౌంట్ల (స్ట్రట్ పై కొసను బాడీకి పట్టి ఉంచేవి) రబ్బరు, బేరింగు చూడండి. బుష్‌లో పగులు ఉంటే కొత్త సస్పెన్షన్ ఆ పగులును పెద్దది చేస్తుంది. గట్టి స్ప్రింగు వచ్చాక అదే దెబ్బ బుష్ మీద ఇంకా ఎక్కువ పడుతుంది మరి. 'కాయిలోవర్ వేశాక ముందు నుంచి టక్‌టక్ శబ్దం' అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం అరిగిపోయిన పాత టాప్ మౌంటో, లింక్ రాడ్డో. కిట్‌తో పాటు కొత్త టాప్ మౌంట్లు, బేరింగులు, ఒకసారే వాడాల్సిన బోల్టులు, లాక్ నట్లు, రెండు సార్లు వీల్ అలైన్‌మెంట్ ఖర్చు కూడా బడ్జెట్లో కలపండి. టైర్లు గట్టిపడిపోయి ఉంటే మాత్రం అన్నిటికన్నా మొదట టైర్లే మార్చండి. ల్యాప్ టైమైనా, తడి రోడ్డు మీద భద్రతైనా అక్కడే ఎక్కువ దొరుకుతుంది.

2. తూకం వేయించండి, ఎత్తు కొలవండి

లారీలు తూచే వేబ్రిడ్జి దగ్గరికి వెళ్లండి. అర ట్యాంకు పెట్రోలు, డ్రైవరు సీట్లో మీరు. ముందు చక్రాలు మాత్రమే కాటా మీదికి ఎక్కించి ఒక తూకం, తర్వాత బండి మొత్తం ఎక్కించి ఇంకో తూకం తీసుకోండి. అక్కడ అయిదు పది కిలోల తేడా వచ్చినా ఈ పనికి పరవాలేదు. ఉదాహరణకు ముందు 720, వెనక 460 కిలోలు వచ్చాయనుకోండి. అంటే ముందు ఒక్కో చక్రం మీద 360. అందులో చక్రం, బ్రేకు, నకిల్ (చక్రాన్ని స్ట్రట్‌కు కలిపే లోహపు భాగం) లాంటివి స్ప్రింగు మోసే బరువు కాదు. వాటికి ఓ 35 కిలోలు తీసేస్తే 325 మిగులుతుంది. వెనక 230లోంచి 25 తీసేస్తే 205.

ఎత్తు కొలిచేటప్పుడు నేల నుంచి కొలవకండి, టైరు గాలిని బట్టి అది మారిపోతుంది. హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా నిలువుగా కొలిచి, నాలుగు చక్రాలవీ రాసి పెట్టుకోండి. తర్వాత ప్రతి దశలో ఈ నాలుగు అంకెలతోనే పని.

3. స్ప్రింగు లెక్క

స్ప్రింగు మీద రాసిన అంకె (దాన్ని 1 మి.మీ. నొక్కడానికి ఎన్ని కేజీలు కావాలన్నది) వేరు, చక్రం దగ్గర తెలిసే గట్టిదనం వేరు. మెక్‌ఫర్సన్ స్ట్రట్‌లో చక్రం 1 మి.మీ. లేస్తే స్ప్రింగు సుమారు 0.95 మి.మీ. నొక్కుకుంటుంది. ఆ నిష్పత్తిని రెండుసార్లు గుణించాలి కాబట్టి చక్రం దగ్గరి గట్టిదనం స్ప్రింగు అంకెలో 0.9 వంతు. వెనక టార్షన్ బీమ్‌లో స్ప్రింగు చక్రం కన్నా ముందుకి, బీమ్ బుష్ వైపు ఉంటుంది. బుష్ మధ్య నుంచి స్ప్రింగు మధ్యకు, అదే బుష్ నుంచి చక్రం మధ్యకు టేపుతో కొలిచి మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 0.7 వచ్చిందనుకుంటే, దాని వర్గం 0.49. అంటే స్ప్రింగు అంకెలో సగమే చక్రానికి చేరుతుంది.

ఇప్పుడు ఫోన్ కాలిక్యులేటర్ చాలు. చక్రం దగ్గరి గట్టిదనాన్ని (కేజీ/మి.మీ.లో) స్ప్రింగు మోసే బరువుతో భాగించి, వర్గమూలం తీసి, 15.8తో గుణించండి. వచ్చేది బండి సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న సంఖ్య, హెర్ట్జ్‌లో. మన 325 కిలోలకు ముందు స్ప్రింగు 4 కేజీ అయితే 1.66, 5 కేజీ అయితే 1.86, 6 కేజీ అయితే 2.04, 8 కేజీ అయితే 2.35 వస్తుంది. మామూలు కుటుంబ కార్లు 1 నుంచి 1.5 మధ్యలో ఉంటాయి. రోజూ నడుపుతూ ట్రాక్‌కు కూడా వెళ్లేదానికి 1.6 నుంచి 1.9 దాకా బాగుంటుంది. 2 దాటితే మన కాంక్రీటు రోడ్ల అతుకుల మీద నడుము తట్టుకోదు. అంతకన్నా ముఖ్యంగా గతుకుల్లో టైరు రోడ్డును వదిలేస్తుంది, దాంతో పట్టు తగ్గుతుంది. పోలోకు ముందు 4 నుంచి 5 కేజీ స్ప్రింగు దగ్గర ఆగమని మా సలహా. జపాన్, తైవాన్ కిట్లలో ఇంతకన్నా గట్టి స్ప్రింగులు వస్తుంటాయి. ఆర్డర్ చేసేటప్పుడే మెత్తనివి అడిగితే చాలామంది మార్చి ఇస్తారు.

వెనక ఫ్రీక్వెన్సీ ముందుకన్నా కాస్త ఎక్కువ ఉండాలని 1930ల్లో జనరల్ మోటార్స్‌లో పనిచేసిన ఇంజనీరు మారిస్ ఆలీ తేల్చాడు. గతుకు మొదట ముందు చక్రానికి, క్షణం తర్వాత వెనక చక్రానికి తగులుతుంది. వెనక భాగం కొంచెం వేగంగా ఊగితే ముందు భాగాన్ని అందుకుంటుంది, బండి ముందుకీ వెనక్కీ తూగదు. ఫ్రంట్ వీల్ డ్రైవ్ బండికి ఇది ఇంకో రకంగానూ మేలే: వెనక గట్టిగా ఉంటే మలుపులో ముక్కు బయటికి జారడం తగ్గుతుంది. ముందు 1.66 అనుకుంటే వెనక 1.8 చూడండి. 205 కిలోలకు దానికి చక్రం దగ్గర 2.7 కేజీ కావాలి, అంటే స్ప్రింగు 5.5 కేజీ. ముందు 4, వెనక 5.5 అని కేటలాగ్‌లో చూసి 'వెనక మరీ గట్టి' అని వెనకాడకండి. చక్రాల దగ్గర అవి 3.6, 2.7 మాత్రమే.

4. జాగా ఎంత మిగిలింది?

చాలా కిట్లు వీగిపోయేది ఇక్కడే. గట్టిగా బ్రేకు వేస్తే ముందు ఒక్కో చక్రం మీద సుమారు 130 కిలోలు అదనంగా పడతాయి. 5 కేజీ స్ప్రింగుకు, అంటే చక్రం దగ్గర 4.5కు, అది 29 మి.మీ. దిగడం. బ్రేకులోనే గుంత తగిలితే ఇంకో 25 మి.మీ. అయినా కావాలి. అందుకే బండి నిలబడ్డ ఎత్తు నుంచి బంప్ స్టాప్ (చక్రం మరీ పైకి లేవకుండా ఆపే రబ్బరు దిమ్మ) గట్టిగా నొక్కుకునే దాకా ముందు కనీసం 55 మి.మీ. ఉండాలి. వెనక కథ ఇంకో రకం. ఇద్దరు మనుషులు, సామాను కలిపి 160 కిలోలు వెనక వేస్తే ఒక్కో చక్రానికి 80. చక్రం దగ్గరి 2.7తో భాగిస్తే 30 మి.మీ. కుంగుతుంది. 50 మి.మీ. మాత్రమే ఉన్న చోట అందులో 30 మి.మీ. మీ వాళ్లు కూర్చోగానే అయిపోతే, మిగిలిన 20తో విజయవాడ దాకా వెళ్లడం శిక్షే. కుటుంబంతో తిరిగే బండి అయితే వెనక 65 మి.మీ. కన్నా తక్కువ ఒప్పుకోకండి.

చక్రం కిందికి వేలాడే జాగా కూడా కావాలి. 325 కిలోలను 3.6తో భాగిస్తే 90 మి.మీ. 4 కేజీ స్ప్రింగు ఆ మేరకు నొక్కుకుని ఉంటుంది కాబట్టి గుంతలో చక్రం అంతవరకూ దిగగలదు, డాంపర్ పొడవు అడ్డు రాకపోతే. 8 కేజీ స్ప్రింగుకు అది 45 మి.మీ. మాత్రమే. అది దాటితే స్ప్రింగు వదులై గిలక్కాయలా కొట్టుకుంటుంది. అలాంటి కిట్‌లో హెల్పర్ స్ప్రింగు (పెద్ద స్ప్రింగు వదులు కాకుండా పట్టి ఉంచే చిన్న మెత్తని స్ప్రింగు) లేకపోతే తీసుకోవద్దు.

ప్రీలోడ్ (బిగించేటప్పుడే స్ప్రింగును కొంత నొక్కి ఉంచడం) పెంచితే స్ప్రింగు గట్టిపడుతుందని గ్యారేజీల్లో అంటుంటారు. మామూలు లీనియర్ స్ప్రింగుకు (ఎంత నొక్కినా గట్టిదనం మారనిదానికి) అది నిజం కాదు, 5 కేజీ స్ప్రింగు ఎంత బిగించినా 5 కేజీయే. ప్రీలోడ్ పెంచితే పైకి, కిందికి ఉన్న జాగాల పంపకం మాత్రమే మారుతుంది. కింది బ్రాకెట్ తిప్పి ఎత్తు మార్చే రకంలో, అంటే డాంపర్ మొత్తం పొడవు మారే రకంలో, ప్రీలోడ్ 0 నుంచి 5 మి.మీ. మధ్య ఉంచి దాన్నిక ముట్టుకోవద్దు. ఎత్తు దించినా బంప్ ట్రావెల్, అంటే చక్రం పైకి లేచే జాగా, తగ్గకపోవడం ఆ రకానికి లాభం. కానీ టైరు ఫెండర్‌కు తగలడానికి ముందే బంప్ స్టాప్ అందుకుంటుందా అన్నది మీరే చూసుకోవాలి. స్ప్రింగు కింది ప్లేటు తిప్పి ఎత్తు మార్చే రకంలో దించిన ప్రతి మిల్లీమీటరూ బంప్ ట్రావెల్ నుంచే పోతుంది.

5. ఎంత దించాలి

20 నుంచి 25 మి.మీ. అంతకు మించి పోలోకు లాభం లేదు, నష్టమే. మెక్‌ఫర్సన్‌లో బండి దించే కొద్దీ లోయర్ ఆర్మ్ బయటి కొస పైకి లేస్తుంది. దాంతో బండి ఏ బిందువు చుట్టూ పక్కకు ఒరుగుతుందో ఆ రోల్ సెంటర్, బండి బరువు కేంద్రం కన్నా వేగంగా కిందికి పోతుంది. రెండింటి మధ్య దూరం పెరుగుతుంది కాబట్టి, దించిన బండి మునుపటికన్నా ఎక్కువ ఒరగాలని చూస్తుంది. దాన్ని ఆపడానికి మళ్లీ ఇంకా గట్టి స్ప్రింగు కావాలి. గతుకుల మీద స్టీరింగు దానంతటదే లాగడం కూడా అప్పుడే మొదలవుతుంది.

కేటలాగ్ అంకెలతో ఒక జాగ్రత్త. జర్మన్ కిట్ల మీద రాసే '30 నుంచి 60 మి.మీ. దిగుతుంది' లాంటి మాట యూరప్ కారు ఎత్తు నుంచి లెక్క. ఇక్కడ అమ్మిన పోలో దానికన్నా ఎత్తులో నిలబడుతుంది. అక్కడ 30 అంటే మన బండికి అంతకన్నా చాలా ఎక్కువే దిగవచ్చు. అమ్మేవాళ్లను 'ఎంత దిగుతుంది' అని అడగకండి. 'హబ్ మధ్య నుంచి ఫెండర్ దాకా గరిష్ఠంగా ఎన్ని మి.మీ. వస్తుంది' అని అడిగి, మీరు రాసిపెట్టుకున్న అంకెతో పోల్చండి.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు. అది 25 మి.మీ. దించిన పోలోకు తగలదు. కాలనీల్లో సిమెంటుతో ఇష్టమొచ్చినట్టు పోసేవి వేరు. మీ ఇంటి నుంచి ఆఫీసు దాకా ఉన్న అన్నిట్లోకీ ఎత్తైనదాన్ని ఒకసారి కొలవండి.

6. డాంపర్ రకం

ట్విన్ ట్యూబ్‌లో ఒక గొట్టం లోపల ఇంకో గొట్టం, గ్యాస్ ఒత్తిడి తక్కువ. రాయి తగిలి బయటి గొట్టం కాస్త నొక్కుకుపోయినా పనిచేస్తుంది. చిన్న గతుకుల మీద మెత్తగా ఉంటుంది. మోనోట్యూబ్‌లో ఒకటే గొట్టం, అధిక ఒత్తిడి నైట్రోజన్. వేడి త్వరగా బయటికి పోతుంది కాబట్టి ట్రాక్ మీద ల్యాపులు గడిచినా డాంపింగ్ పెద్దగా మారదు. కానీ గొట్టం మీద సొట్ట పడితే పిస్టన్ అక్కడే పట్టేస్తుంది. మన రోడ్లు ఎక్కువ, ట్రాక్ తక్కువ అన్నవాళ్లకు మంచి ట్విన్ ట్యూబ్ ఏ రకంగానూ తక్కువ కాదు.

ఇక కంపెనీల కిట్ల సంగతి. కేడబ్ల్యూ వీ1లో డాంపింగ్ మార్చలేరు. వీ2లో రీబౌండ్ (స్ప్రింగు చాచుకునేటప్పటి డాంపింగ్), వీ3లో రీబౌండ్, కంప్రెషన్ (నొక్కుకునేటప్పటిది) రెండూ వేర్వేరుగా మార్చవచ్చు. బిల్‌స్టీన్ బీ14 మార్చలేనిది, బీ16 పది మెట్లది. బీసీ రేసింగ్ బీఆర్ ముప్పై క్లిక్కులది, కానీ ఒకే నాబ్ రీబౌండ్‌నీ కంప్రెషన్‌నీ కలిపి మారుస్తుంది. టీన్ ఫ్లెక్స్ జడ్ పదహారు క్లిక్కులది, సీల్ చేసిన డాంపర్. ముప్పై క్లిక్కులు పదహారు కన్నా మేలేమీ కాదు. ఆ స్ప్రింగుకు తగిన డాంపింగ్ ఆ మెట్ల మధ్యలో ఎక్కడో ఉండాలి, అదే కావాల్సింది. చివరి రెండు క్లిక్కుల దగ్గరే బండి బాగుందంటే స్ప్రింగు, డాంపర్ జత కుదరలేదని అర్థం. సెట్టింగుల్లో వేలు పెట్టే ఓపిక లేనివాళ్లకు, కంపెనీ ఆ బండికే సరిచేసి బిగించిన మార్చలేని డాంపర్ మంచి ఎంపిక. దీన్ని తక్కువగా చూడాల్సిన పని లేదు.

పోలో వెనక నిజానికి కాయిలోవర్ ఉండదు. స్ప్రింగు ఒకచోట, డాంపర్ ఒకచోట ఉంటాయి. మంచి కిట్లు వెనక స్ప్రింగు కింద మరలున్న ప్లేటు ఇచ్చి ఎత్తు మార్చుకోనిస్తాయి. స్ప్రింగును తీసి వెనక డాంపర్ చుట్టూ వేసే కిట్లకు దూరంగా ఉండండి. ఆ పై బోల్టు దగ్గరి బాడీ రేకు డాంపర్ తోపు కోసం చేసినది, బండి బరువు మోయడానికి కాదు.

7. డబ్బు కట్టకముందు

స్ట్రట్ గొట్టం నకిల్‌లో దిగే చోట వ్యాసం కొలవండి. ఫోక్స్‌వాగన్ కార్లలో 50, 55 మి.మీ. రెండూ ఉన్నాయి. డీజిల్ ఇంజను బరువెక్కువ, దాని స్ప్రింగులు వేరు, కాబట్టి కిట్ పార్ట్ నంబరు ఎదురుగా ఉన్న ముందు యాక్సిల్ బరువు పరిమితి మీ తూకంతో సరిపోవాలి. సీల్ పోతే ఎక్కడ రిపేరు చేస్తారు, ఒక్క డాంపర్ విడిగా దొరుకుతుందా అన్నది రాతపూర్వకంగా అడగండి. స్ప్రింగు అంకె, డాంపర్ స్ట్రోక్ (రాడ్ జరిగే పొడవు) చెప్పలేని దుకాణంలో కొనకండి.

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం మీద ఆంక్షలు పెడుతుంది. ఆర్టీవో కార్యాలయంలో అడిగి తెలుసుకోండి, ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే రాతపూర్వకంగా చెప్పండి. తీసిన అసలు భాగాలను పారేయకుండా నూనె రాసి దాచండి.

8. బిగించేటప్పుడు

పోలో స్ట్రట్ నకిల్‌లోని చీలిక లోపలికి దిగుతుంది. ఆ చీలికను వెడల్పు చేసే పరికరం ఉంటుంది, దానితోనే విప్పాలి. సుత్తితో కొట్టి దించితే కొత్త గొట్టం సొట్టపోతుంది. పై నట్టును గాలి గన్‌తో బిగించకండి. రాడ్ గిర్రున తిరిగి లోపలి సీలు దెబ్బతింటుంది. అలెన్ కీతో రాడ్ పట్టుకుని చేతి పానాతో బిగించాలి, చివర టార్క్ రెంచ్.

మెకానిక్కులు ఎక్కువగా తప్పేది ఒక చోట. లోయర్ ఆర్మ్, వెనక బీమ్, డాంపర్ కింది బుష్‌ల బోల్టులు బండి గాలిలో వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. అలా బిగిస్తే చక్రం వేలాడే స్థితిలోనే రబ్బరు అతుక్కుంటుంది. బండి దించగానే అది మెలితిరిగి ఉంటుంది, ఎత్తు తప్పుగా కనిపిస్తుంది, కొన్ని నెలల్లో చిరుగుతుంది. బండి బరువు చక్రాల మీద పడ్డాకే ఆ బోల్టులు బిగించాలి.

స్టీరింగు రెండు వైపులా పూర్తిగా తిప్పి బ్రేకు హోస్, ఏబీఎస్ వైరు ఎక్కడా లాగడం లేదని, టైరుకూ స్ప్రింగు ప్లేటుకూ మధ్య 5 మి.మీ. అయినా ఉందని చూడండి. హెడ్‌లైట్ల ఎత్తు మళ్లీ సరిచేయించండి. డాంపర్ రాడ్‌కు ఒక సన్నని జిప్ టై కట్టి కిందికి తోయండి. వారం నడిపాక అది ఎక్కడిదాకా జరిగిందో చూస్తే ఎంత ట్రావెల్ వాడారో కళ్లకు కనిపిస్తుంది.

9. అలైన్‌మెంట్, క్లిక్కులు

స్ప్రింగులు సర్దుకోవడానికి 300 నుంచి 500 కి.మీ. పడుతుంది. వెంటనే ఒక అలైన్‌మెంట్, ఆ దూరం తిరిగాక నాలుగు ఎత్తులు మళ్లీ కొలిచి ఇంకో అలైన్‌మెంట్. ముందు క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలే కోణం) మైనస్ 1.5 డిగ్రీలు, టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండడం) సున్నా. టైరు లోపలి అంచు అరిగితే అందరూ క్యాంబర్‌నే తిడతారు, నిజానికి ఎక్కువగా తినేసేది తప్పు టో. నకిల్‌కు రెండు బోల్టుల అమరిక లేదు కాబట్టి పోలోలో క్యాంబర్ కావాలంటే పైన క్యాంబర్ ప్లేటు ఉండాలి. ఇనుప బాల్ ఉన్న ప్లేట్లు మన దుమ్ములో తొందరగా అరిగి శబ్దం చేస్తాయి. రోజూ నడిపే బండికి రబ్బరు టాప్ మౌంటే ఉంచి, క్యాంబర్ మైనస్ 1 దగ్గర వచ్చినా సర్దుకోవడం మేలు. వెనక కోణాలు మార్చాలంటే స్టబ్ యాక్సిల్ (చక్రం తిరిగే పొట్టి ఇరుసు) వెనక షిమ్‌లు (పలచని రేకులు) పెట్టాలి, అవసరం పడేది అరుదు.

డాంపింగ్ సెట్టింగుకు మీకు బాగా తెలిసిన అయిదు కిలోమీటర్ల రోడ్డు ఒకటి ఎంచుకోండి. నాబ్‌ను పూర్తి గట్టి వైపు తిప్పి, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టి మధ్యలో పెట్టండి. ఒకసారికి రెండు క్లిక్కులే, ముందో వెనకో ఒక్కచోటే మార్చండి. స్పీడ్ బ్రేకర్ దాటాక బండి ఇంకా ఊగుతుంటే రీబౌండ్ మెత్తగా ఉంది, పెంచండి. వరసగా గతుకులు వచ్చే కొద్దీ బండి కుంగుతూ మొరటుగా మారుతుంటే రీబౌండ్ ఎక్కువైంది. తర్వాతి గతుకు వచ్చేలోపు స్ప్రింగు మళ్లీ చాచుకోలేకపోతోంది, తగ్గించండి. ఒక్క పదునైన గుంతకే ధడేల్‌మంటే, క్లిక్కులు మార్చినా తేడా రాకపోతే జిప్ టై చూడండి. బంప్ స్టాప్ తగులుతుంటే ఎత్తు పెంచడం తప్ప మందు లేదు.

ట్రాక్ మీద వెనక రెండు క్లిక్కులు గట్టి చేస్తే మలుపులోకి తిరిగేటప్పుడు ముక్కు చురుగ్గా వస్తుంది. మలుపు మధ్యలో నిలకడగా ఉన్నప్పుడు ముందు జారుతుంటే మాత్రం క్లిక్కులతో పని జరగదు. డాంపర్ కదలిక ఉన్నప్పుడే పనిచేస్తుంది. అక్కడ చూడాల్సింది టైరు గాలి, క్యాంబర్, వెనక స్ప్రింగు. తిరుగు ప్రయాణానికి ముందు క్లిక్కులు, గాలి రెండూ రోడ్డు అంకెలకు మార్చండి.

10. తర్వాత చూసుకోవాల్సినవి

వర్షాకాలంలో మరల మీద బురద గట్టిపడి, ఎత్తు మార్చే రింగు ఇక తిరగదు. గ్రీజు రాస్తే దుమ్ము అంటుకుని ఇంకా చెడుతుంది. బ్రష్‌తో కడిగి, ఆరాక పొడిగా ఉండే వ్యాక్స్ స్ప్రే కొట్టండి. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో స్టెయిన్‌లెస్ గొట్టాల కిట్‌కు ఎక్కువ పెట్టిన డబ్బు వృథా కాదు. లాక్ రింగులు ప్రతి సర్వీసులో బిగుతు చూడాలి. డాంపర్ రాడ్ మీద పలచని తడి మామూలే. గొట్టం మీద నూనె చారికలుగా దిగుతుంటే సీలు పోయినట్టు. అప్పుడు ఆ ఒక్కటే కాక అదే యాక్సిల్‌కు రెండో వైపుదీ విప్పించి, రెండింటికీ ఒకేసారి సీళ్లు, నూనె మార్పించండి. విప్పలేని సీల్ చేసిన డాంపర్లయితే రెండూ కొత్తవి వేయించండి. ఒక పక్క కొత్తది, ఇంకో పక్క పాతది ఉంటే గట్టి బ్రేకులో బండి ఒక వైపుకు లాగుతుంది.